మధ్యాహ్నం విప్పినా నిండుగా ఉండాలి: కోరాపుట్, రాయగడ చలిలో ఆఫీసుకీ పండగకీ దుస్తులు

ఒడిశాలో కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో పొద్దున్న ఆరింటికి బండి తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. అదే మనిషికి మధ్యాహ్నం రెండింటికి ఎండలో టీ తాగుతుంటే వీపున చెమట పడుతుంది. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరుల్లో ఆకాశానికి మబ్బు ఉండదు కాబట్టి పగలు పట్టిన వేడినంతా నేల రాత్రికి వదిలేసుకుంటుంది. తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి దిగినా, మధ్యాహ్నానికి స్వెట్టర్ బరువనిపిస్తుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి కిందికి ఉన్న ఊళ్ళు కనుక అక్కడ చలి ఇంత కరవదు. బరంపురానికి సముద్రం దగ్గర, అక్కడ చాలా రోజులు పల్చని స్వెట్టర్‌తో గడిచిపోతుంది.

అందుకే ఈ జిల్లాల్లో ఒకే ఒక్క మందపాటి స్వెట్టర్ కొనుక్కోవడం పెద్ద పొరపాటు. పొద్దున్న అది చాలదు, మధ్యాహ్నం అది ఉండనివ్వదు. విప్పేస్తే లోపల నలిగిన చొక్కానో, మెడ దగ్గర థర్మల్ (చలికి లోపల వేసుకునే బనియన్) తొంగిచూసే జాకెట్టో బయటపడుతుంది. ఇక్కడి చలికి పొరలుగా వేసుకోవాలి. ఏ పొర విప్పినా మిగిలింది నిండుగా కనిపించాలి. ఇంట్లో అద్దం ముందే పరీక్ష పెట్టుకోండి: పై పొర తీసి చూడండి, తర్వాత నడిమి పొర కూడా తీసి చూడండి. మూడు స్థితుల్లోనూ పదిమందిలో నిలబడగలమనిపిస్తేనే ఆ జత కుదిరినట్టు.

లోపలి పొర పల్చగా, వెచ్చదనమంతా పైన

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మందపాటి థర్మల్ లోపల వేసుకుని, పైన పల్చటి కోటు వేస్తారు. ఆఫీసులో విప్పడానికి వీల్లేనిది లోపలి పొర ఒక్కటే. అది మందంగా ఉంటే పన్నెండు నుంచి నాలుగింటిదాకా ఉడికిపోవాల్సిందే. కాబట్టి థర్మల్ మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పల్చనిది కావాలి. కింది ఊళ్ళకి చేతుల్లేనిదో పొట్టి చేతులదో చాలు. సిమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు ఉండేవాళ్ళకే నిండు చేతులది అవసరం.

థర్మల్ ఒంటికి అంటుకుని ఉండాలి, కానీ చంక దగ్గర పట్టేయకూడదు. వదులుగా ఉంటే నడుం దగ్గర మడతలు పడి పై చొక్కాలోంచి గీతల్లా కనిపిస్తాయి. లేత రంగు బట్టల కిందికి తెలుపు వద్దు, ఒంటిరంగుది తీసుకోండి. తెల్ల చొక్కా లోపల తెల్ల థర్మల్ అంచు స్పష్టంగా కనబడుతుంది, ఒంటిరంగుది కలిసిపోతుంది. మామూలు నూలు బనియనే రెండు వేసుకుంటే సరిపోదా అంటే సరిపోదు. నూలు చెమటని పీల్చి పట్టి ఉంచుతుంది. బండి మీద చెమట పట్టాక గాలి తగిలితే ఆ తడే చలి పుట్టిస్తుంది.

నడిమి పొరకి ఉన్ని మంచిది. ఉన్ని తన బరువులో మూడో వంతుదాకా తేమని లోపలికి తీసుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. కోరాపుట్ పొగమంచులో ఈ గుణం బాగా పనికొస్తుంది. ఉన్నిలా కనిపించే సింథటిక్ దారం అక్రిలిక్‌కి ఆ గుణం లేదు. మంచు బొట్లు పైన నిలుస్తాయి, లోపల చెమట నిలుస్తుంది, నాలుగు ఉతుకులకి చంకల దగ్గర ఉండలు కడుతుంది. అయితే ధర తక్కువ, రంగులు ఎక్కువ కాబట్టి బజారులో ఉండేది ఎక్కువగా అదే.

నవంబరు వస్తే ఊళ్ళలో టిబెటన్ల స్వెట్టర్ దుకాణాలు వెలుస్తాయి. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ శరణార్థుల స్థావరం ఉంది కనుక ఈ ప్రాంతానికి వాళ్ళు కొత్తేమీ కాదు. సరుకు చాలావరకు లూధియానా నుంచి వస్తుంది. కొనేటప్పుడు లోపలి కుట్టు దగ్గర వేలాడే దారం ముక్క ఉంటే అడిగి తీసుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలింది వేళ్ళమధ్య నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన దారమైతే వెంట్రుక వాసనా వస్తుంది, గట్టి పూసా మిగులుతుంది. తర్వాత కింది పట్టీని రెండింతలు సాగదీసి వదలండి. వెంటనే వెనక్కి ముడుచుకోకపోతే నెల తిరక్కుండా అది గంటలా విచ్చుకుంటుంది. భుజం కుట్టు లోపల సన్నటి టేపు వేసి ఉందో లేదో కూడా తడిమి చూడండి. టేపు లేని భుజాలు జారిపోతాయి.

చీర మీద చలికాలం

చీరకట్టే టీచర్లకి, బ్యాంకు ఉద్యోగులకి, నర్సులకి చలికాలం అసలు చిక్కు ఇక్కడే. మామూలు జాకెట్టు లోపల థర్మల్ వేస్తే హుక్కులు విచ్చుకుంటాయి, చెయ్యి పైకెత్తితే చంక కుట్టు పట్టేస్తుంది. చలికాలానికి రెండు జాకెట్లు విడిగా కుట్టించుకోండి, కొలతలు మాత్రం థర్మల్ వేసుకునే ఇవ్వండి. మోచేయి దాటే చేతులు, ఛాతీ దగ్గర అంగుళం వదులు, చంక దగ్గర అర అంగుళం, కుట్టు లోపల అంగుళం మార్జిన్ వదలమనండి. ముదురు రంగు ఖాదీ, కార్డురాయ్, వెల్వెట్ ఈ కాలానికి బాగుంటాయి. ఒక నల్లది, ఒక మెరూన్ ఉంటే ఇంట్లో ఉన్న చీరల్లో సగానికి పైగా కలుస్తాయి. జాకెట్టు వెనక మెడ ఎంత లోతో థర్మల్ మెడ అంతకంటే అంగుళం ఎక్కువ లోతుండాలి. అలాంటిది దొరక్కపోతే ఉన్నదాన్నే టైలర్ దగ్గర కత్తిరించి పైపింగ్ వేయించండి.

లంగా కింద థర్మల్ లెగ్గింగ్ వేసుకున్నప్పుడు జార్జెట్, షిఫాన్ చీరలు కాళ్ళకి అతుక్కుంటాయి. పొడిగాలిలో ఒక సింథటిక్ మరో సింథటిక్‌ని రాస్తే పుట్టే విద్యుత్తు వల్ల ఇలా అవుతుంది. మధ్యలో నూలు లంగా ఉంటే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ అతుక్కుంటే తడి చేత్తో లంగా మీద ఒకసారి నిమరండి. ఈ నాలుగు నెలలూ జార్జెట్‌ని పెట్టెలో ఉంచి నూలు చీరలు, టస్సర్, ఖాదీ పట్టు బయటికి తీయడం అన్నిటికంటే సుఖం.

ఇక స్వెట్టర్ కొంగు లోపలా, పైనా? కొంగు కింద స్వెట్టర్ వేసి దాన్నే జాకెట్టులా చూపించడం చూడడానికి బాగుంటుంది. కానీ మధ్యాహ్నం విప్పాలంటే పిన్నులన్నీ తీసి కొంగు మళ్ళీ సర్దుకోవాలి. మబ్బు పట్టి రోజంతా చలిగా ఉన్న రోజుకే అది సరి. మామూలు రోజుల్లో కొంగుని ఐదారు అంగుళాల వెడల్పు మడతలు పెట్టి భుజం మీద పిన్ను చేసి, ఆ పైన ముందు తెరిచే స్వెట్టరో, చేతుల్లేని పొడవాటి కోటో వేయండి. స్వెట్టర్ కుచ్చిళ్ళు దోపిన చోటికి రెండంగుళాల కిందే ఆగిపోవాలి. పిరుదుల దగ్గర ఆగిందా, మనిషి ఎంత సన్నగా ఉన్నా అక్కడ గుండ్రంగా కనిపిస్తుంది. కోటైతే మోకాలి దగ్గరకైనా వెళ్ళాలి, లేదా నడుం దగ్గరే ఆగాలి. మధ్యలో ఆగే పొడవు చీరకి నప్పదు. గుండీలన్నీ పెట్టేయకుండా నడిమి రెండు పెట్టి వదిలేస్తే కొంగు నలగదు.

శాలువా అయితే ఇలా: రెండు మీటర్ల శాలువాని నిలువునా ఒక మడత వేయండి. ఎడమ భుజం మీద, కొంగు పైన, మూడో వంతు ముందుకి, మిగతాది వెనక్కి వేయండి. వెనక భాగాన్ని వీపు మీదుగా కుడి చంక కిందినుంచి ముందుకి తెచ్చి, ఛాతీ మీదుగా మళ్ళీ ఎడమ భుజం మీదికి చేర్చండి. అక్కడ ఒకే ఒక్క పిన్నీసు చాలు. కుడి చెయ్యి పూర్తిగా ఖాళీగా ఉంటుంది కాబట్టి బోర్డు మీద రాయొచ్చు, కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టొచ్చు. పిన్నీసుని బట్ట మధ్యలో గుచ్చకండి. శాలువా అంచు కుట్టులోంచి, కింద జాకెట్టు భుజం కుట్టులోంచి గుచ్చాలి. పట్టు చీరైతే వెనకవైపు పాత నూలుగుడ్డ ముక్క, అంగుళం చాలు, అడ్డం పెట్టండి. శాలువా బరువుకి పట్టు చిరిగేది ఆ రంధ్రం దగ్గరే.

జరీ చీర మీద అల్లిక శాలువా మాత్రం వద్దు. జరీ పోగులు అల్లిక కన్నాల్లో చిక్కుకుని రెండూ పాడవుతాయి. నున్నగా నేసిన శాలువా వేసుకోండి.

చుడీదార్ వేసుకునేవాళ్ళ పని తేలిక. కుర్తీ అంచు కంటే ఒక జానెడు పైన ఆగే చేతుల్లేని కోటు, చున్నీ బదులు ఉన్ని స్టోల్ ఉంటే సరిపోతుంది.

మగవాళ్ళ ఆఫీసు జత

చొక్కా, దాని మీద వి-మెడ చేతుల్లేని స్వెట్టర్, ఆ పైన బ్లేజర్. దామన్‌జోడి, సునాబెడ టౌన్‌షిప్‌ల ఆఫీసుల్లో ఇది పాతకాలపు పద్ధతే అయినా ఇక్కడి ఎండకీ చలికీ దీన్ని మించింది లేదు. బ్లేజర్ తీసినా స్వెట్టర్‌తో ఒక రూపం ఉంటుంది, స్వెట్టర్ కూడా తీస్తే ఇస్త్రీ చొక్కా ఉంటుంది. స్వెట్టర్ కింది పట్టీ బెల్టు మీద కూర్చోవాలి. కింద చొక్కా అంచు కనిపిస్తే మొత్తం జత చెడుతుంది. చొక్కా కఫ్ బ్లేజర్ చేతికంటే అర అంగుళం బయటికి ఉండాలి.

బ్లేజర్ ఒట్టి చొక్కా మీద కొలిపించుకోవడమే ఎక్కువగా జరిగే తప్పు. జనవరిలో లోపల స్వెట్టర్ వేశాక గుండీ దగ్గర ఎక్స్ ఆకారంలో లాగుతుంది. కొలతకి వెళ్ళేటప్పుడు స్వెట్టర్ వేసుకునే వెళ్ళండి. భుజం కుట్టు భుజం ఎముక చివరే ఉండాలి. తక్కినవన్నీ టైలర్ సరిచేయగలడు గానీ భుజం సరిచేయడం దాదాపు కుదరని పని. మొదటి బ్లేజర్‌కి నేవీ నీలం తీసుకోండి, నలుపు వద్దు. నలుపు మీద ఈ ఎర్రమట్టి దుమ్ము కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేవీకి బూడిద, గోధుమ, తెలుపు మూడూ కలుస్తాయి.

బండి మీద వెళ్ళేవాళ్ళు బ్లేజర్ వేసుకుని తొక్కకండి, నలుగుతుంది. పైగా గాలి ఆగదు. స్వెట్టర్ మీద గాలి చొరని విండ్‌చీటర్ వేసుకుని, బ్లేజర్‌ని బ్యాగులో పెట్టండి. మడిచే పద్ధతి ఉంది: ఒక భుజాన్ని లోపలివైపుకి తిరగేయండి, రెండో భుజాన్ని తిరగేయకుండా దాన్లోకి దూర్చండి, లైనింగ్ బయటికి వచ్చేలా నిలువునా మడిచి, తర్వాత నడుం దగ్గర ఒక్క మడత. తీసి పది నిమిషాలు తగిలిస్తే ముడతలు పోతాయి. హెల్మెట్ కింద ఉన్ని మంకీ క్యాప్ వద్దు. దాని మందానికి హెల్మెట్ పైకి లేస్తుంది, బెల్టు వదులు చేయాల్సి వస్తుంది, పడితే తల కాపాడదు. సన్నటి నూలు ముసుగు టోపీలు అమ్ముతారు, అవి చాలు. మఫ్లర్, స్టోల్, చున్నీ ఏదైనా రెండు కొసలూ విండ్‌చీటర్ లోపలికి దోపి జిప్పు వేయండి. చక్రంలో చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

కొట్పాడ్ ముక్క ఒకటి చాలు

పక్క ఊరి నేత ఉండగా లూధియానా రంగులకే పరిమితం కానక్కర్లేదు. కోరాపుట్ జిల్లా కొట్పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన రంగుతో నూలుకి ఎరుపు, మెరూన్, ముదురు గోధుమ ఎక్కిస్తారు. రంగు పట్టడానికి నూలుని ముందుగా ఆముదంతో, బూడిద నీళ్ళతో, పేడతో రోజుల తరబడి శుద్ధి చేస్తారు. ఒడిశాలో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) మొదట దక్కింది ఈ నేతకే. నూలు ముతక, బట్ట బరువు, రెండు మడతల దుపట్టా సాయంత్రం చలికి శాలువా పనే చేస్తుంది. దాని రంగులు మట్టి రంగులు కాబట్టి కింద వెన్నరంగు, నలుపు, బూడిద, ముదురాకుపచ్చ వేసుకోండి. మిలమిల్లాడే గులాబీ, చిలకాకుపచ్చ పక్కన పెడితే అది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మగవాళ్ళు మెడలో మఫ్లర్‌గా చుట్టుకున్నా నిండుగా ఉంటుంది.

నియమగిరి కొండల్లోని డోంగ్రియా కోంధు తెగ ఆడవాళ్ళు తెల్లటి ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కపడాగండా శాలువాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది చేత్తో కుట్టిన పని, తీరిక లేనిదే కుదరదు. వెనక్కి తిప్పి చూడండి: ముడులు, దారం కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వెనక అంతా ఒకే తీరుగా ఉంటే మెషిన్‌దే. బేరమాడకుండా కొనాల్సిన వస్తువిది. దాన్ని వేసుకున్న రోజు ఒంటి మీద ఇంకే డిజైనూ ఉండకూడదు. సాదా నల్ల కుర్తీయో, సాదా తెల్ల చొక్కాయో కింద వేస్తే కుట్టుపని మొత్తం కనిపిస్తుంది.

పండగలు

మార్గశిర లక్ష్మీవారాలు ఈ ప్రాంతంలో తెలుగు ఇళ్ళలోనూ ఒడియా ఇళ్ళలోనూ జరుగుతాయి. తెల్లవారకముందే తలస్నానం, వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు. తడి జుట్టు మీద స్వెట్టర్ వేస్తే మెడ పట్టీ తడిసి రోజంతా చల్లగా తగులుతుంది, ముందు జుట్టుకి పొడి తువ్వాలు చుట్టాలి. నిండు చేతుల స్వెట్టర్‌తో వంగి ముగ్గు వేస్తే కఫ్‌లు పిండి నీళ్ళలో పడతాయి, మోచేతి దాకా చేతులున్నదే మేలు. మడి పట్టింపు ఉన్న ఇళ్ళలోనూ చలికి ఇబ్బంది లేదు. పట్టుతోపాటు ఉన్నీ మడికి పనికొస్తుందనే పెద్దలు ధావళి అనే మడిబట్ట కట్టేవారు. సన్నటి ఉన్ని శాలువా భుజాన వేసుకోండి, హారతి దగ్గర కొసలు దోపుకోండి.

క్రిస్మస్ ముందు రాత్రి గుణుపురం, పర్లాకిమిడి కొండవైపు చర్చిల్లో ఆరాధన పొద్దుపోయేదాకా సాగుతుంది. చెప్పులు బయట, కూర్చోవడం చాలాచోట్ల చాపల మీద. చలి పాదాల నుంచి ఎక్కుతుంది కాబట్టి ఒంటిరంగు ఉన్ని సాక్సులు ముందే వేసుకోండి. తెల్ల చీర కట్టేవాళ్ళు దాని మీద తెల్ల శాలువా వేయకండి. రెండు తెలుపులూ కలవవు, ఒకటి మాసినట్టు కనిపిస్తుంది. మెరూన్, ముదురాకుపచ్చ, వెన్నరంగు ఏదైనా సరే.

భోగి నాడు మాత్రం అందం తర్వాత. తెల్లవారుజామున మంట చుట్టూ నిలబడేది నైలాన్ జాకెట్లతో, అక్రిలిక్ స్వెట్టర్లతో. నిప్పురవ్వ పడితే ఇవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఉన్ని తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా మంట తీస్తే ఆరుతుంది. పిల్లలకి ఆ పూట ఉన్ని స్వెట్టరో, మందపాటి నూలు చొక్కాలు రెండో వేయండి. పాత దుప్పటి కప్పుకున్నవాళ్ళు కొసలు నేల మీద ఈడ్వకుండా చూడండి.

సంక్రాంతి రోజు మగవాళ్ళు పంచె కట్టాలనుకుంటే కింద మోకాలి దిగువన ఆగే ఒంటిరంగు థర్మల్ వేసుకోండి. మడమదాకా ఉండేది అడుగు వేసినప్పుడల్లా కనిపిస్తుంది. లాల్చీ మీద చేతుల్లేని నెహ్రూ కోటు, భుజాన ఉన్ని కండువా. భోజనాల వేళకి కోటు తీసేస్తే లాల్చీ, కండువాతోనే పెళ్ళివారిలా ఉంటారు. ఆడవాళ్ళు బరంపురం పట్టు కడితే శాలువా రంగు అంచు రంగుతో కలపండి, చీర రంగుతో కాదు.

కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ ఎత్తు 1672 మీటర్లు. సూర్యోదయం చూడ్డానికి వెళ్తే పైన గాలి విపరీతం, అక్కడ శాలువాతో ఫొటో బాగుంటుంది గానీ విండ్‌చీటర్ తప్పనిసరి.

ఉతుకు, దాపు

ఉన్నిని వేణ్ణీళ్ళలో రుద్ది ఉతికితే పెద్దవాళ్ళ స్వెట్టర్ పిల్లలకి సరిపోయేంత అవుతుంది. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముడుచుకుంటాయి, మళ్ళీ సాగవు. ఒక స్వెట్టర్‌కి ఎనిమిది, పది కుంకుడుకాయలు గింజ తీసి లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి వడకట్టి, బకెట్ చన్నీళ్ళలో కలపండి. పది నిమిషాలు ముంచి, నొక్కుతూ వదులుతూ ఉండండి, రుద్దొద్దు. తెల్లటివాటికి కుంకుడు రంగు పడుతుంది, వాటికి ఉన్నికోసం అమ్మే ద్రవం వాడండి. పిండకుండా టర్కీ తువ్వాలులో పెట్టి చుట్టి నొక్కితే నీరు దిగుతుంది. తర్వాత నులకమంచం మీద పాత దుప్పటి పరిచి నీడలో పరవండి. తీగ మీద వేలాడేస్తే చేతులు సాగిపోతాయి, భుజాల మీద క్లిప్పుల బొడిపెలు మిగులుతాయి. కొట్పాడ్ బట్టని మొదటి రెండుసార్లూ విడిగా ఉతకండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడు పెట్టెలో పెట్టేముందు ఒక్కసారే వేసుకున్నదైనా ఉతకాల్సిందే. పురుగు ముందు చేరేది చెమట, కూర మరకలున్న చోటికే. రెండు గంటలు ఎండలో ఉంచి, వేడి పూర్తిగా తగ్గాక మడవండి. వేడి మీద మడిస్తే పెట్టెలో తేమ పడుతుంది. నాఫ్తలీన్ ఉండల్ని నూలు సంచిలో కట్టి మూలన పెట్టండి. జరీకి తగిలితే నల్లబడుతుంది, అందుకే పట్టుచీరల్నీ ఉన్నినీ ఒకే పెట్టెలో ఉంచకపోవడం మేలు. మళ్ళీ కార్తీకంలో పెట్టె తెరిచాక వేసుకోబోయే ముందురోజే తీసి, నీడన గాలికి పరవండి. ఆ వాసన పోవడానికి ఒక పూటైనా పడుతుంది.